పాత కారు క్లచ్ పెడల్: ఏది అసలుది, ఏది అతుకు – నా అనుభవం

ఈ పని చేసిన బండి ఎంజీబీ. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన స్పోర్ట్స్ కారు. చాలా చేతులు మారిన బండి కావడంతో క్లచ్ పెడల్ దగ్గర ఏది ఫ్యాక్టరీలో బిగించిందో, ఏది తర్వాత ఎవరో దొరికింది దొరికినట్టు తగిలించిందో తెలియని పరిస్థితి. బండితో పాటు ఒక అట్టపెట్టె నిండా విడి భాగాలు కూడా వచ్చాయి. అందులో ఒక అదనపు పెడల్, రెండు పుష్‌రాడ్‌లు (పెడల్ కదలికని సిలిండర్‌లోకి తోసే కడ్డీలు), అరడజను క్లెవిస్ పిన్నులు (పెడల్‌నీ పుష్‌రాడ్‌నీ కలిపే అడ్డ పిన్నులు), రకరకాల స్ప్రింగులు, పొట్లం విప్పని రబ్బరు వాషర్లు ఉన్నాయి. ఈ కుప్పలోంచి అసలువాటిని ఏరి, వాటితోనే పెడల్‌ని నిలబెట్టాలి.

అలాంటప్పుడు చాలామంది ముందుగా నంబరు కోసం వెతుకుతారు. నేను నంబరుని ఆఖరికి ఉంచుతాను. ముందు అరుగుదల, తర్వాత కొలత, ఆ తర్వాత థ్రెడ్, పూత. ఇవన్నీ ఒకే మాట చెబుతుంటే నంబరు దాన్ని ఖాయం చేస్తుంది. అవి ఒకటి, నంబరు ఇంకొకటి చెబితే నేను నమ్మేది లోహాన్నే. ఎందుకో నంబర్ల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

విప్పకముందు

బోల్టు మీద స్పానర్ పెట్టకముందే తీసుకోవాల్సిన కొలతలు ఉన్నాయి. ఒకసారి విప్పాక ఇవి మళ్లీ దొరకవు. క్లచ్ పెడల్ ముఖం బ్రేక్ పెడల్ ముఖం కన్నా ఎంత ఎత్తులో లేదా దిగువన ఉందో ఒక చదును పట్టీ ఆనించి చూశాను. పెడల్‌ని వేలితో నొక్కితే పుష్‌రాడ్ పిస్టన్‌కి తగిలేదాకా ఎంత ఖాళీగా కదులుతోందో, ఆ తర్వాత అడుగుకి తగిలేదాకా ఎంత పోతోందో స్కేలుతో రాసుకున్నాను. బండి కింద స్లేవ్ సిలిండర్ (పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ తోసిన ఆయిల్‌తో క్లచ్‌ని విడదీసేది) పుష్‌రాడ్ దగ్గర ఇంకో స్కేలు పెట్టి, పైన మరొకరు పెడల్‌ని పూర్తిగా తొక్కుతుంటే అది ఎంత నడుస్తోందో చూశాను. బాగున్న ఎంజీబీలో అది అర అంగుళం, అంటే 12.7 మి.మీ. దగ్గర్లో ఉండాలి. ఇక్కడ వచ్చింది 9.5. ఎక్కడా కారడం లేదు, గాలి లేదు. అంటే 3 మి.మీ. పైచిలుకు దారిలో ఎక్కడో మాయమవుతోంది. భాగాల్లో పరాయివి ఉన్నాయని మొదట చెప్పింది ఈ లెక్కే.

ఫొటోలు తీసేటప్పుడు దూరం నుంచి తీసే పెద్ద ఫొటో పనికిరాదు. క్లెవిస్ పిన్ తల ఏ వైపు ఉంది, అది జారకుండా ఆపే స్ప్లిట్ పిన్ కాళ్లు ఎటు వంచారు, స్ప్రింగ్ కొక్కెం నోరు పైకి ఉందా కిందికి ఉందా, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయి – ఇవి కనబడాలి. కలిసి పనిచేసిన భాగాలు కలిసే అరుగుతాయి. పిన్ మీద పడిన గాడి, పెడల్ రంధ్రంలో పడిన పల్లం ఒకదానికొకటి అద్దినట్టు సరిపోతే ఆ రెండూ ఏళ్ల తరబడి కలిసి ఉన్నాయని లెక్క. పిన్ కొత్తగా మెరుస్తూ రంధ్రం కోలగా సాగి ఉంటే, అది మధ్యలో మార్చిన పిన్.

విప్పడం, కడగడం

ఎంజీబీలో పెడల్ బాక్స్ ఇంజిన్ వైపు ఉంటుంది. దాని రేకు మూత తీస్తే క్లెవిస్ పిన్నులు కనబడతాయి. స్ప్రింగ్ వదిలించి, స్ప్లిట్ పిన్ లాగి, క్లెవిస్ పిన్ తీయాలి. క్లచ్, బ్రేక్ పెడళ్లు రెండూ ఒకే ఇరుసు బోల్టు మీద వేలాడుతాయి కాబట్టి ఒకదాన్ని తీయాలంటే రెండోది కూడా వదులవుతుంది. ఆ మధ్యలో ఉండే గొట్టపు ముక్క, వాషర్లు కింద పడి తివాచీలో కలిసిపోవడం మామూలే. కాబట్టి కింద తెల్ల గుడ్డ పరిచాను. గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని లేపేస్తుంది. యూనియన్ (పైపు కొసని బిగించే నట్టు) విప్పకముందే చుట్టూ గుడ్డలు కట్టి, పక్కన నీళ్లు పెట్టుకోవాలి. పడ్డ చుక్కని తుడిచి ఊరుకోకుండా నీళ్లతో కడగాలి.

విడిపోయిన ప్రతి కీలుకీ ఒక సంచి పెట్టి, అందులో పిన్, దాని వాషర్, దాని స్ప్లిట్ పిన్ మాత్రమే వేశాను. అట్టపెట్టె సరుకుని బండి మీంచి తీసిన సరుకుతో కలిపితే ఆ రోజుతో గుర్తింపు పని ముగిసినట్టే. అందుకే వాటికి వేరే బల్ల.

కడగడం దగ్గరే ఎక్కువ ఆధారాలు పోతాయి. భాగం చేతిలోకి రాగానే ఇసుక బ్లాస్టింగ్‌కి పంపడం, గ్రైండర్‌కి తీగ బ్రష్ తగిలించి రుద్దడం చాలాచోట్ల అలవాటు. ముద్రకొట్టిన అక్షరాల లోతు చాలా తక్కువ. తుప్పు తిన్నాక మిగిలేది ఇంకా తక్కువ. ఒక్క విసురు బ్రష్‌తో అది చదునైపోతుంది. నేను కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి, మొద్దుబారిన చెక్క పుల్లతో గ్రీజు గీకి, మెత్తటి ఇత్తడి బ్రష్ మాత్రమే వాడాను. ఆరాక చీకట్లో టార్చిని పక్కనుంచి, దాదాపు లోహానికి సమాంతరంగా పట్టుకుని చూస్తే, ఎదురు వెలుగులో కనబడని ముద్రలు నీడలతో లేచాయి. అప్పటికీ చదవలేకపోతే పల్చటి కాగితం వేసి పెన్సిల్ పక్కవాటంగా రుద్దితే చాలావరకు వస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ కాలపు చిన్న భాగాల మీద, ముఖ్యంగా పిన్నులు, బోల్టుల మీద, లేత బంగారు ఛాయ ఉన్న పూత చాలాసార్లు కాడ్మియం. దాన్ని పొడిగా రుద్దకూడదు, మంట చూపించకూడదు. ఆ పొడీ పొగా విషం. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్‌ని కప్పే డొప్ప) లోపల ఉండే పాత క్లచ్ ప్లేటు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి దులపకుండా తడిగుడ్డతో తుడవాలి.

పెడల్ చేయి

రెండు క్లచ్ పెడళ్లు ఉన్నాయి. ఒకటి బండి మీద ఉన్నది, ఇంకొకటి పెట్టెలోది. చూపుకి ఒక్కలాగే ఉన్నాయి. వీటిని తేల్చడానికి దగ్గరలోనే మంచి నమూనా ఉంది: అదే బండి బ్రేక్ పెడల్. బ్రేక్ పెడల్‌ని జనం తక్కువగా కెలుకుతారు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే కాలం, ఒకే పనితనం. బుష్ (ఇరుసు చుట్టూ ఉండే అరుగుడు ముక్క) కూర్చునే గొట్టం దగ్గర అతుకు ఎలా ఉంది, అంచులు ప్రెస్‌లో కోసిన తీరు ఎలా ఉంది, పెయింట్ ఎంత పలచగా వేశారు – ఇవి బ్రేక్ పెడల్ మీద చూసి క్లచ్ పెడల్‌తో పోల్చాలి. ప్రెస్‌లో కోసిన రేకుకి ఒక అంచు కొంచెం గుండ్రంగా, రెండో అంచు కొంచెం గరుకుగా ఉంటుంది. గ్యాస్‌తోనో రంపంతోనో కోసి తయారుచేసిన దానికి ఆ తేడా ఉండదు.

బండి మీద ఉన్న పెడల్‌లో అంచులు, గొట్టం అతుకు బ్రేక్ పెడల్‌తో సరిపోయాయి. పెట్టెలో పెడల్‌కి మాత్రం గొట్టం చుట్టూ పొట్టు పొట్టుగా లేచిన చేతి వెల్డింగ్ పూస ఉంది. పైన దట్టంగా నల్ల పెయింట్. పైన పటారం, లోన లొటారం. పెయింట్ ఒక మూల గీకితే కింద పాత పెయింట్ లేదు, బూడిదరంగు ఫిల్లర్ ఉంది. రెండు పెడళ్లనీ ఒకే ఇరుసు బోల్టు మీద ఎక్కించి పాదం ముఖాలు చూస్తే, పెట్టెలోది 6 మి.మీ. పక్కకి వంగి ఉంది. చేయి ఎప్పుడో విరిగితే అతికినట్టుంది. దాన్ని పక్కన పెట్టేశాను.

పాదం రబ్బరు గురించి ఎక్కువ మాట్లాడను. కొత్త రబ్బరు ఏమీ చెప్పదు. దాని కింది ఉక్కు ముఖం చెబుతుంది. రబ్బరు ఊడిపోయాక కూడా తొక్కుతూ నడిపిన బండిలో ఉక్కు మీది గాట్లు ఒక మూల నున్నగా అరిగి ఉంటాయి. తక్కువ దూరం తిరిగిందని చెప్పే బండిలో ఆ మూల నున్నగా ఉంటే, పెడల్ వేరే బండిదైనా అయ్యుండాలి, చెప్పిన దూరం అబద్ధమైనా అయ్యుండాలి.

క్లెవిస్ పిన్

ఈ మొత్తం పనిలో అతి చిన్న వస్తువు ఇదే, నేను ఎక్కువసేపు చూసిందీ దీన్నే. అసలు పిన్ మందం 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ. బండి మీంచి తీసిన పిన్‌ని తల దగ్గర కొలిస్తే 7.9 వచ్చింది. మధ్యలో, పెడల్ ఆనే చోట, ఒకవైపు మాత్రమే గాడి పడి 7.1 వచ్చింది. పిన్‌ని వెర్నియర్‌లో పెట్టి కొంచెం కొంచెం తిప్పుతూ కొలవాలి. ఒక్క దిక్కున కొలిస్తే అరగని వైపు తగిలి అంతా బాగుందనిపిస్తుంది. పెడల్ రంధ్రం అడ్డంగా 8.0, పుష్‌రాడ్ తోసే దిక్కున 8.9. పిన్ గాడి, రంధ్రం పల్లం ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. కాబట్టి ఈ పిన్, ఈ పెడల్ చాలాకాలంగా జంట.

8.9 లోంచి 7.1 తీస్తే 1.8 మి.మీ. అంటే పెడల్ తొక్కిన ప్రతిసారీ పుష్‌రాడ్ కదలకముందే 1.8 మి.మీ. గాలిలో పోతోంది. దీని ప్రభావం స్లేవ్ దగ్గర ఎంతో తెలియాలంటే బోర్లు, అంటే సిలిండర్ల లోపలి వ్యాసాలు, తెలియాలి. ఎంజీబీలో క్లచ్ మాస్టర్ బోరు 0.75 అంగుళం, స్లేవ్ బోరు 1.25 అంగుళం. వైశాల్యం బోరు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 0.5625ని 1.5625తో భాగిస్తే 0.36. మాస్టర్ దగ్గర 1 మి.మీ. నడిస్తే స్లేవ్ దగ్గర 0.36 నడుస్తుంది. కాబట్టి 1.8 మి.మీ. ఆట స్లేవ్ దగ్గర 0.65 తినేస్తోంది.

ఇక పుష్‌రాడ్‌లు. బండి మీదది, పెట్టెలోవి రెండు కలిపి మూడు. ఫోర్కు రంధ్రం మధ్య నుంచి గుండ్రటి కొస దాకా కొలిస్తే బండి మీదది పెట్టెలో ఒకదానికన్నా 3 మి.మీ. పొట్టి. కొస చూస్తే తెలిసిపోయింది: పొట్టిదాని కొస ఆకురాయితో గుండ్రం చేసింది, గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. పొడవుదాని కొస లేత్ మీద తిప్పింది, గీతలు చుట్టూ వలయాలుగా ఉన్నాయి, పైన పూత కొస దాకా ఉంది. ఎప్పుడో పెడల్ బిగుతుగా ఉందని ఎవరో కొస అరగదీసి ఉంటారు. ఎంజీబీ క్లచ్ పుష్‌రాడ్‌కి సర్దుబాటు ఉండదు. ఎవరైనా 'సర్దారంటే' కోశారనే అర్థం. ఆ 3 మి.మీ. స్లేవ్ దగ్గర 1.08.

0.65, 1.08 కలిపితే 1.73. ఇంకా ఒకటిన్నర దాకా లెక్క తేలలేదు. దానికి కారణం భాగాల్లో లేదు. పెడల్ కింద మందపాటి తివాచీ, దాని కింద శబ్దం ఆపే పరుపు. అవి తీసేస్తే పుష్‌రాడ్ 4 మి.మీ. ఎక్కువ నడిచింది, స్లేవ్ దగ్గర 1.44. మూడూ కలిపి 3.17. పుష్‌రాడ్ 35 మి.మీ. నడిచే అమరికలో స్లేవ్ దగ్గర రావాల్సింది 12.6. అందులోంచి 3.17 పోతే 9.43. మొదట స్కేలు చూపిన 9.5కి ఇంతకన్నా దగ్గరగా రాదు. తివాచీ మార్చడం మానేసి మాస్టర్ సిలిండర్ మార్చేవాళ్లు ఎందరో.

థ్రెడ్ చెప్పేది

పిచ్ గేజ్ (థ్రెడ్ చుట్ల మధ్య దూరం చూసే పళ్ల పట్టీ) లేకుండా ఈ పనికి దిగొద్దు. 5/16 అంగుళం, 8 మి.మీ. బోల్టులు కంటికి ఒకటే. థ్రెడ్‌లో మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. 5/16 యూఎన్ఎఫ్‌కి (యూనిఫైడ్ సన్న థ్రెడ్) అంగుళానికి 24 చుట్లు, యూఎన్‌సీకి (యూనిఫైడ్ ముతక థ్రెడ్) 18, పాత బ్రిటిష్ సన్న థ్రెడ్ బీఎస్ఎఫ్‌కి 22, పాత బ్రిటిష్ ముతక థ్రెడ్ విట్‌వర్త్‌కి 18. ఎం8 (8 మి.మీ. మెట్రిక్) మామూలు పిచ్ 1.25 మి.మీ., అంగుళానికి లెక్కేస్తే 20 చిల్లర. విట్‌వర్త్, బీఎస్ఎఫ్ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, మిగతావాటికి 60. అందుకే 18 చుట్లు సరిపోయినంత మాత్రాన విట్‌వర్త్ నట్టు యూఎన్‌సీ బోల్టుకి సరైనదైపోదు. ఎక్కుతుంది కానీ పక్కల మీద సరిగ్గా ఆనదు.

ఎంజీబీ యూనిఫైడ్ థ్రెడ్ల కాలం బండి. ఆ కాలపు బ్రిటిష్ యూనిఫైడ్ బోల్టుల తల మీద గుండ్రటి పల్లమో, పక్కన గొలుసులా కలిసిన వలయాల గుర్తో ఉంటుంది. పెడల్ బాక్స్ బోల్టుల్లో రెండింటి తల మీద 8.8 అని ఉంది. అది మెట్రిక్ గ్రేడు గుర్తు. ఆ రెండూ ఎం8, బలవంతంగా ఎక్కించినవి. నట్లలో థ్రెడ్ నలిగిపోయింది. బోల్టు మారిస్తే సరిపోదు, నట్టుని కూడా చూడాలి.

హైడ్రాలిక్ యూనియన్ల దగ్గర ఈ పొరపాటు ఇంకా ప్రమాదం. బ్రిటిష్ బండ్లలో సన్న పైపులకి 3/8 యూఎన్ఎఫ్, 24 చుట్లు. మెట్రిక్ బండ్లలో ఎం10, 1 మి.మీ. పిచ్, అంటే 25.4 చుట్లు. 3/8 అంటే 9.53 మి.మీ. ఆ యూనియన్ ఎం10 రంధ్రంలోకి హాయిగా వెళ్తుంది, బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. ఒత్తిడి పడ్డాక థ్రెడ్ ఒలుచుకుని వస్తుంది.

సిలిండర్లు, పోతలు

మాస్టర్ సిలిండర్ మీద లాక్‌హీడ్ కంపెనీ పేరు పోతలోనే ఉబ్బెత్తుగా ఉంది. పేరుంటే చాలదు. అసలు భాగాన్నే నమూనాగా పెట్టి అచ్చు తీసి పోసిన నకళ్లు ఉంటాయి. పోత ఇనుము గట్టిపడేటప్పుడు సుమారు 1 శాతం కుంచించుకుంటుంది. ఫ్యాక్టరీ నమూనాలో ఆ కుంచింపు ముందే లెక్కేసి పెద్దగా చేస్తారు. నకలు తీసేవాడు అసలు భాగాన్నే అచ్చులో పెడతాడు కాబట్టి నకలు 1 శాతం చిన్నదవుతుంది. 100 మి.మీ. ఉండాల్సిన చోట 99. మిషన్ పెట్టిన ముఖాలు సరిగ్గానే ఉంటాయి, వాటిని కొలిస్తే దొరకదు. మిషన్ తగలని గరుకు ముఖాల మధ్య కొలవాలి. అక్షరాల అంచులు కూడా నకల్లో సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి.

బోరు తప్పనిసరిగా లోపల కొలవాలి. పైకి కవల పిల్లల్లా ఉండే సిలిండర్లలో బోరు వేరు కావచ్చు. గర్లింగ్ కంపెనీ సిలిండర్లు 0.625, 0.70, 0.75 అంగుళాల బోర్లలో ఒకే పోలికతో వచ్చాయి. 0.75 ఉండాల్సిన చోట 0.70 పెడితే 1.25 స్లేవ్‌తో నిష్పత్తి 0.31కి పడిపోతుంది. అదే 35 మి.మీ.కి స్లేవ్ 12.6 బదులు 11 మి.మీ. మాత్రమే నడుస్తుంది. పెడల్ తేలికైందని సంతోషించేలోపే రివర్స్ గేరు గరగరమంటుంది.

ఈ బండి మాస్టర్ బోరు 19.05 మి.మీ., సరైనదే. లోపల గుంటలు పడ్డాయి. హోనింగ్ చేసి (లోపలి గోడని రాయితో నునుపు చేసి) గుంటలు పోయేదాకా గీస్తే బోరు పెరిగి రబ్బరు కప్పు వదులవుతుంది. అసలు పోతని నిలబెట్టాలంటే లోపల స్టెయిన్‌లెస్ స్లీవ్ (పల్చటి గొట్టం) వేయించి తిరిగి 0.75కి తేవడమే దారి. అదే చేశాను.

పెట్టెలో దొరికిన పొట్లం విప్పని పాత రబ్బరు కప్పులు చూడముచ్చటగా ఉన్నాయి, పొట్లం మీద నంబరు కూడా సరైనదే. వాటిని వాడలేదు. పాత స్టాక్ ఉక్కు భాగం దొరికితే అదృష్టం. పాత స్టాక్ రబ్బరు దొరికితే అది ప్రదర్శనకే. పెదవి అంచుని గోటితో వంచితే సన్న పగుళ్లు తేలాయి.

నంబర్ల సంగతి

ఇప్పుడు నంబర్లు. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్టు, నంబరు కలవగానే భాగం అసలుదైపోదు. నంబరు కలవనంత మాత్రాన నకిలీ కూడా కాదు.

లోహం మీద ఉండేదీ, విడిభాగాల పుస్తకంలో ఉండేదీ ఒకే నంబరు కానక్కర్లేదు. అమెరికన్ ఫోర్డ్‌లో ఇది బాగా తెలుస్తుంది. 1965 ముస్టాంగ్ విడిభాగం నంబరు సీ5జడ్‌జడ్ అని మొదలవుతుంది: సీ అంటే 1960ల దశకం, 5 అంటే ఆ దశకంలో అయిదో ఏడు, మొదటి జడ్ ముస్టాంగ్‌ది, రెండో జడ్ అది సర్వీసు నంబరని చెబుతుంది. తర్వాత మధ్యలో వచ్చే అంకెలు ఏ రకం భాగమో చెబుతాయి. క్లచ్ ప్లేటుకి 7550, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకి 7563. అయితే భాగం మీద ముద్ర పడేది ఇంజినీరింగ్ నంబరు, పుస్తకంలో ఉండేది సర్వీసు నంబరు. నాలుగో అక్షరం దగ్గరే తేడా వస్తుంది. అది తెలియక అసలు భాగాన్ని నకిలీ అని పారేసి, సర్వీసు నంబరు చీటీ అంటించిన నకలుని కొనేవాళ్లున్నారు.

ఫోక్స్‌వ్యాగన్‌లో మొదటి మూడంకెలు ఆ భాగాన్ని మొదట ఏ మోడల్‌కి తయారుచేశారో చెబుతాయి. 113 బీటిల్, 211 వ్యాన్. తర్వాతి మూడింటిలో మొదటి అంకె ప్రధాన గుంపు. 7 అంటే లీవర్లు, పెడళ్లు. 721 పెడల్ సముదాయం, క్లచ్ కేబుల్. చివరి మూడు భాగానివి. జంటగా వచ్చే భాగాల్లో బేసి అంకె ఎడమవైపుది, సరి అంకె కుడివైపుది. చివర అక్షరం ఉంటే డిజైన్ మారిందని. మొదటి మూడంకెలు మీ బండి మోడల్ కాకపోయినా కంగారు పడక్కర్లేదు. ముందు మోడల్ భాగమే తర్వాతి మోడల్‌కీ వాడి ఉంటారు. ఆ కంపెనీ మోడల్ ఏడు 1950ల నడిమి నుంచి ఆగస్టుతో మొదలవుతుంది. కాబట్టి 1957 ఆగస్టు తర్వాత తయారైన బీటిల్ 1958 మోడల్ కింద లెక్క. ఆ మార్పుతోనే చక్రం లాంటి యాక్సిలరేటర్ పోయి చదును పెడల్ వచ్చింది. పోర్షే 911లో పెడళ్ల గుంపు 423.

ఎంజీబీలో ఏహెచ్‌హెచ్ అక్షరాలతో మొదలయ్యేవి ఆబింగ్డన్ నంబర్లు. జీఎంసీ 1007 అంటే క్లచ్ మాస్టర్, జీఎస్‌వై 110 అంటే స్లేవ్. ఇవి తర్వాతి సర్వీసు నంబర్లు. 1960ల బండి మీద జీ అక్షరపు నంబరు కనబడితే ఆ భాగం తర్వాత మార్చింది అనుకోవాలి. చెడ్డదని కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది మాత్రం కాదు. ఇంకోమాట: పుస్తకాన్ని ఏడుతో చూడకుండా ఛాసిస్ నంబరుతో చూడాలి. మార్పులన్నీ 'ఈ నంబరు దాకా, ఈ నంబరు నుంచి' అనే లెక్కలో ఉంటాయి. సర్వో (బ్రేక్ తొక్కే బలాన్ని పెంచే పరికరం) నేరుగా పెడల్ బాక్స్‌కే బిగించిన చివరి ఏళ్ల ఎంజీబీల్లో బాక్స్ ఆకారమే వేరు. దాన్ని పాత బండికి తగిలించాలని చూడొద్దు.

వేరే అమరిక ఉన్న బండ్లలో

బీటిల్‌లో హైడ్రాలిక్ లేదు, కేబుల్. క్లచ్ పెడల్ ఇరుసుకి రోల్ పిన్‌తో బిగించి ఉంటుంది. ఇరుసు చివర, బండి నడిమి సొరంగం లోపల, ఒక కొక్కెం కేబుల్ కన్నుని పట్టుకుంటుంది. ఆ కొక్కెం లోపలి వంపు కత్తిలా అరుగుతుంది, ఒకరోజు కన్ను జారిపోతుంది. మంచి కొక్కెం వంపు గుండ్రంగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. అరిగినదాని మీద వెల్డింగ్ నింపి ఉంటే రాయి పెట్టిన గీతలు కనబడతాయి. రోల్ పిన్ బదులు మేకు ముక్క పెట్టినవీ చూశాను. పెడల్ దగ్గర ఖాళీ కదలిక 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. కేబుల్ చుట్టూ ఉండే బౌడెన్ గొట్టం తిన్నగా కాకుండా 25 నుంచి 45 మి.మీ. కిందికి వంగి ఉండాలి. వంపు తక్కువైతే క్లచ్ వణుకుతూ పట్టుకుంటుంది, ఎక్కువైతే కేబుల్ లోపల రాసుకుని తెగుతుంది. ఆ వణుకుకి పెడల్‌ని తప్పుపట్టి మార్చడం వృథా.

అమెరికన్ బండ్లలో రాడ్లు, మధ్యలో ఇంజిన్‌కీ ఫ్రేముకీ నడుమ తిరిగే జడ్ బార్. దాని రెండు కొసల్లోని బుష్‌లు అరిగితే, లేదా ఇంజిన్ మౌంటు కుంగితే, బార్ ఏటవాలుగా పడుతుంది. ఈ బండ్ల పెడల్ దగ్గర ఉండే ఓవర్‌సెంటర్ స్ప్రింగ్ (కొంత తొక్కాక పెడల్‌ని కిందికి లాగి పాదానికి సాయపడేది) విషయంలో రెండు హెచ్చరికలు. ఒకటి, అది చాలా బలమైనది. చేత్తో తీయబోతే వేళ్లు పోతాయి. రెండు, అది కాయిల్ స్ప్రింగుల బరువైన ప్రెషర్ ప్లేటుకి తగ్గట్టు చేసింది. తర్వాత ఎవరైనా డయాఫ్రం రకం (పళ్లెం లాంటి ఒకే స్ప్రింగు ఉన్న) ప్లేటు వేసి ఆ స్ప్రింగుని అలాగే వదిలితే, ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు తొక్కిన పెడల్ పైకి రాకుండా నేలకి అతుక్కుంటుంది. పెడల్ భాగాలన్నీ నూటికి నూరుపాళ్లు అసలువైనా ఈ తప్పు జరుగుతుంది, ఎందుకంటే మారింది అవతలి కొసన ఉన్న ప్లేటు. ఆటోమేటిక్ బండిని గేరు బండిగా మార్చారా అని తేలాలంటే బ్రేక్ పెడల్ వెడల్పు చూడాలి, ఆటోమేటిక్‌ది వెడల్పాటిది. రాడ్ వెళ్లే రంధ్రం అంచు ప్రెస్‌లో కోసిందా, చేత్తో కోసిందా కూడా చూడాలి.

తిరిగి కూర్చడం

ఎంజీబీలో చివరికి నిలిచినవి: బండి మీది పెడల్, పెట్టెలోని పొడవు పుష్‌రాడ్, స్లీవ్ వేసిన అసలు మాస్టర్. కోలబోయిన పెడల్ రంధ్రాన్ని వెల్డింగ్‌తో నింపి, రంధ్రం అసలు మధ్యబిందువు దగ్గరే 5/16కి తొలిచాను. మధ్యబిందువు 1 మి.మీ. తప్పినా పెడల్ నిష్పత్తి మారిపోతుంది, కాబట్టి నింపకముందే ఇరుసు నుంచి దూరం రాసిపెట్టుకోవాలి. రంధ్రంలోని అరగని అంచే అసలు అంచు, కొలత దాన్నుంచే. బుష్‌లు కొత్తవి. పెట్టెలోని ఆరు క్లెవిస్ పిన్నుల్లో రెండు 8 మి.మీ.వి, ఒకటి వంకర, మిగతా మూడు 7.9 నుంచి 7.94 మధ్య ఉన్నాయి. వాటిలో రెండు వాడాను. స్ప్లిట్ పిన్నులు, రబ్బర్లు, హోస్ మాత్రం కొత్తవే. వీటిలో అసలుదనం కోసం పట్టుబట్టడం ప్రాణాలతో చెలగాటం.

రిటర్న్ స్ప్రింగులు నాలుగున్నాయి. చుట్లు లెక్కపెట్టి, తీగ మందం కొలిచి, వదిలేసిన పొడవు చూసి, బ్రేక్ పెడల్ స్ప్రింగ్‌తో పోల్చితే ఒకటే సరిపోయింది. మిగతా మూడింటికీ కొక్కెం తర్వాత చేత్తో వంచినట్టు ప్లయర్ గాట్లున్నాయి.

పల్చటి తివాచీ వేసి, గాలి తీసి, మొదటి రోజు పెట్టిన చోటే స్కేలు పెట్టి పెడల్ తొక్కిస్తే స్లేవ్ పుష్‌రాడ్ 12.5 మి.మీ. నడిచింది. పుష్‌రాడ్‌కీ పిస్టన్‌కీ మధ్య కొద్దిపాటి ఖాళీ మిగిలింది. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, క్లచ్ జారడం మొదలవుతుంది. పొట్టి పుష్‌రాడ్, అతుకు పెడల్ తిరిగి అదే అట్టపెట్టెలోకి వెళ్లాయి. పొట్టిదానికి '3 మి.మీ. కోసినది', పెడల్‌కి '6 మి.మీ. వంకర' అని చీటీ కట్టాను. 500 కిలోమీటర్ల తర్వాత మూత తీసి స్ప్లిట్ పిన్ కాళ్లు, మాస్టర్ వెనుక రబ్బరు టోపీ లోపల తడి ఉందేమో చూశాను. పొడిగానే ఉంది.